అద్దెకున్నవాళ్ళతో సహా ఇల్లు కొంటున్నారా? తరచుగా అడిగే ప్రశ్నలు

అద్దె ఆదాయం కోసం ఇల్లో, ఫ్లాటో, చిన్న బిల్డింగో చూస్తున్నప్పుడు అందులో ఇప్పటికే ఎవరో ఒకరు ఉండడం మామూలే. వాళ్ళని ఉంచాలా, పంపాలా అన్న ప్రశ్న చాలామందికి రిజిస్ట్రేషన్ అయ్యాకే గుర్తొస్తుంది. అప్పటికి బేరమాడే అవకాశం చేజారిపోతుంది. అందుకే కింది ప్రశ్నల్లో చాలావరకు బయానా ఇవ్వకముందు తేల్చుకోవాల్సినవే.

కొన్నాక ఇల్లు నాదే కదా, వెంటనే ఖాళీ చేయమనొచ్చా?

చాలా దేశాల్లో కుదరదు. ఇల్లు చేతులు మారినంత మాత్రాన అద్దె ఒప్పందం రద్దు కాదు. పాత ఓనర్ స్థానంలోకి మీరు వస్తారు, అంతే. ఆయన ఏ షరతులకి ఒప్పుకున్నారో వాటికి ఇక మీరూ కట్టుబడాలి.

జర్మనీ సివిల్ కోడ్ 566వ సెక్షన్ ఇదే చెప్తుంది: అమ్మకం వల్ల అద్దె ఒప్పందం తెగిపోదు. అక్కడ ఇంకో మెలిక కూడా ఉంది. అద్దెకున్నవాళ్ళు చేరిన తర్వాత బిల్డింగుని విడి ఫ్లాట్లుగా మార్చి అమ్మితే, కొన్నవాళ్ళు 'నేనే ఉంటాను' అన్న కారణం చూపి కనీసం 3 ఏళ్ళ వరకు ఖాళీ చేయించలేరు. కొన్నిచోట్ల ఆ గడువు 10 ఏళ్ళ దాకా ఉండొచ్చు. ఇంగ్లండ్‌లో 2025లో వచ్చిన అద్దెదారుల హక్కుల చట్టం, కారణం చెప్పకుండా ఖాళీ చేయించే పాత పద్ధతినే ఎత్తేసింది. అమెరికాలో 2009 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం, అప్పు తీరక జప్తయిన ఇంటిని కొన్నవాళ్ళు కూడా అందులో సక్రమంగా అద్దెకున్నవాళ్ళకి కనీసం 90 రోజుల నోటీసు ఇవ్వాలి. భారతదేశంలో 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం 109వ సెక్షన్ ప్రకారం పాత ఓనర్ హక్కులు కొన్నవారికి వస్తాయి. అద్దెకున్నవాళ్ళు కోరితే బాధ్యతలు కూడా. ఒప్పందంలోగానీ స్థానిక చట్టంలోగానీ వేరే మాట లేకపోతే, నెలవారీ అద్దెకి 106వ సెక్షన్ ప్రకారం 15 రోజుల నోటీసు చాలు. కానీ నోటీసు ఇవ్వడం వేరు, ఇల్లు నిజంగా ఖాళీ అవడం వేరు. వాళ్ళు కదలకపోతే కోర్టు మెట్లెక్కాల్సిందే, అక్కడ ఎన్నాళ్ళు పడుతుందో చెప్పలేం.

కాబట్టి ఆ ఊళ్ళో అద్దె కేసులు చూసే లాయర్‌తో ఒక గంట కూర్చోండి. ఈ వ్యవహారంలో పెట్టే ఖర్చుల్లో అతి చవకైనది ఇదే.

సరే, సూటిగా చెప్పండి: ఉంచాలా, పంపాలా?

నెలనెలా అద్దె కడుతూ, ఇంటిని పాడుచేయకుండా ఉంటే ఉంచండి. అద్దె కోసం కొనేవాళ్ళకి నేను చెప్పే మొదటి మాట ఇదే. పంపడానికి బలమైన కారణం కావాలి, అది కాగితాల్లో కనిపించాలి. 'వాళ్ళని చూస్తే ఎందుకో నచ్చలేదు' అన్నది కారణం కాదు. 'కొత్త ఓనర్‌ని కాబట్టి కొత్తవాళ్ళుంటే బాగుంటుంది' అన్నది అసలే కాదు.

ఇప్పుడొస్తున్న అద్దె బయటి రేటు కన్నా తక్కువ. అయినా ఉంచుకోవాలా?

ఎంత తక్కువో చూడాలి. చేతిలో కాగితం ఉంటే లెక్క వేద్దాం.

ఇప్పుడు వస్తున్న అద్దె నెలకి 100 అనుకోండి. బయట 110 పలుకుతోంది. ఉన్నవాళ్ళని పంపితే కొత్తవాళ్ళు దొరికేసరికి 2 నెలలు ఖాళీ, అంటే 200 పోయినట్టే. రంగులు, చిన్నాచితకా రిపేర్లు, బ్రోకర్ కమీషన్ కలిపి ఇంకో 100. మొత్తం 300 పోయాయి. కొత్త అద్దెలో అదనంగా వచ్చేది నెలకి 10. ఆ 300 వెనక్కి రావడానికి 30 నెలలు, అంటే రెండున్నరేళ్ళు. ఈలోగా కొత్తవాళ్ళు ఖాళీ చేసి వెళ్ళిపోతే మళ్ళీ మొదటికే.

అదే బయట 140 పలుకుతోందనుకోండి. ఏడున్నర నెలల్లో పెట్టింది తిరిగొస్తుంది. అప్పుడు పంపే విషయం ఆలోచించడంలో అర్థముంది. అయినా ముందు ఉన్నవాళ్ళనే అడిగి చూడండి. 'ఇక్కడ ఇంత నడుస్తోంది, మీరు 125 ఇస్తారా?' అంటే చాలామంది ఒప్పుకుంటారు. ఇల్లు మారడం వాళ్ళకీ ఖర్చే, పిల్లల చదువుతో సహా అన్నీ చూసుకోవాలి కదా. ఒక్క రోజు కూడా ఖాళీ పడకుండా వచ్చే 125, ఎప్పుడో వస్తుందనుకునే 140 కన్నా మేలు.

ఒక హెచ్చరిక. అద్దె నియంత్రణ చట్టం కిందికి వచ్చే ఇల్లయితే ఈ లెక్కలేవీ పనిచేయవు. పాత తక్కువ అద్దె ఇంటితోపాటే మీకు సంక్రమిస్తుంది. అలాంటి ఇంటి ధరని ఇప్పుడొస్తున్న అద్దెని బట్టే కట్టాలి. 'ఖాళీ చేయిస్తే బంగారమే' అని బ్రోకర్ చెప్పే ధర ఇవ్వకూడదు. అంత తేలిగ్గా ఖాళీ అయ్యేదైతే అమ్మేవాళ్ళే చేయించి, ఎక్కువకి అమ్ముకునేవాళ్ళు.

వాళ్ళు సరైనవాళ్ళో కాదో నాకెలా తెలుస్తుంది?

మనిషిని చూసి కాదు, అద్దె పడిన తేదీలు చూసి. కనీసం 12 నెలల బ్యాంకు స్టేట్‌మెంట్ అడగండి. ఓనర్ పెన్నుతో రాసిచ్చిన లిస్టు వద్దు, అకౌంట్‌లో డబ్బు పడినట్టు కనిపించాలి.

ఆ తేదీల్ని వరసగా ఒక కాగితం మీద రాయండి. 8, 8, 9, 8, 8, 9 అని ఉంటే గడువు 5వ తేదీ అయినా కంగారు పడక్కర్లేదు. వాళ్ళ జీతం 7న పడుతుందేమో. గడువుని 10వ తేదీకి మార్చేస్తే ఇద్దరికీ టెన్షన్ ఉండదు. అదే 5, 5, 6, 9, 14, 22 అని ఉంటే? ఒక్క నెల కూడా ఎగ్గొట్టలేదు, ఓనర్ కూడా 'నెలనెలా ఇచ్చేస్తారండీ' అనే అంటాడు, అది అబద్ధం కూడా కాదు. కానీ ఆ ఇంట్లో డబ్బుకి కటకటగా ఉంది, అది నెలనెలా పెరుగుతోంది. మీరు ఓనర్ అయ్యేసరికి తేదీ 30 దాటుతుంది. ఆలస్యం ఎన్నిరోజులన్నదానికన్నా అది ఎటు పోతోందన్నది ముఖ్యం.

సగం సగం పడిన నెలలు, రెండు నెలలది ఒకేసారి పడిన సందర్భాలు కనిపిస్తే ఎందుకో అడగండి. ఒకసారి అనారోగ్యం వల్ల ఆలస్యమై తర్వాత సర్దుకుంటే అది చెడ్డ గుర్తు కాదు. నా లెక్కలో మంచి గుర్తే; కష్టంలో కూడా బాకీ తీర్చారన్నమాట.

తేదీలతోపాటు కరెంటు, నీటి బిల్లులు ఎవరి పేరు మీద ఉన్నాయో, బకాయిలున్నాయో చూడండి. అగ్రిమెంట్‌లో ఉన్న పేరు, ఇంట్లో ఉన్న మనిషి ఒకరేనా అన్నదీ చూసుకోవాలి. అసలు అద్దెదారు ఎప్పుడో వెళ్ళిపోయి, ఇంకెవరికో ఇచ్చిన సందర్భాలు తక్కువేం కాదు.

అద్దె క్యాష్‌లోనే ఇస్తారట, స్టేట్‌మెంట్‌లో ఏమీ లేదు. ఏం చేయాలి?

రసీదులు, మెసేజ్‌లు, డైరీ ఏదున్నా చూపించమనండి. ఏదీ లేకపోతే ఆ అద్దె రుజువు కాలేదనే లెక్క. ఇంటి ధర అద్దె ఆదాయాన్ని బట్టి కడుతున్నారు కాబట్టి, రుజువు కాని ఆదాయానికి డబ్బు పెట్టకండి. అద్దెకున్నవాళ్ళనే విడిగా అడిగితే అసలు అంకె బయటికొస్తుంది.

అద్దెకున్నవాళ్ళతో మాట్లాడొచ్చా? అమ్మేవాళ్ళు వద్దంటున్నారు.

మాట్లాడాల్సిందే. అమ్మకం ఖాయమయ్యేదాకా వాళ్ళకి తెలియకూడదని ఓనర్లు అనుకోవడం సహజం. బేరం ఒక కొలిక్కి వచ్చాక, బయానాకి ముందు, ఓనర్ ఎదురుగానే కలుస్తానని చెప్పండి. అప్పటికీ వద్దంటే ఏదో దాస్తున్నారనే అనుకోవాలి.

వెళ్ళినప్పుడు అద్దె గురించి మొదలుపెట్టకండి. ఇంటి గురించి అడగండి. 'వానాకాలంలో ఎక్కడైనా కారుతుందా? నీళ్ళు ఏ టైమ్‌కి తగ్గుతాయి? పైవాళ్ళ చప్పుడు వినిపిస్తుందా?' ఆ ఇంటి జబ్బులు అందులో ఉంటున్నవాళ్ళకి తెలిసినంతగా అమ్మేవాళ్ళకి కూడా తెలియవు. వంటింట్లో సింకు కింద తలుపు తీసి చూపిస్తారు: అడుగు చెక్క ఉబ్బి, మూల నల్లబడి, పైపు చుట్టూ గుడ్డ కట్టి, కింద ఒక పాత గిన్నె పెట్టి ఉంటుంది. ఆ గిన్నె రెండు సంగతులు చెప్తుంది. పైపు చాలాకాలంగా కారుతోంది. చెప్పినా పాత ఓనర్ పట్టించుకోలేదు, వీళ్ళు మాత్రం ఇల్లు పాడవకుండా తమకి చేతనైంది చేశారు. అలాంటివాళ్ళని పంపించకండి.

చివర్లో రెండు ప్రశ్నలు: ఇంకా ఎన్నాళ్ళు ఉండాలనుకుంటున్నారు? పాత ఓనర్ నోటిమాటగా ఏమైనా ఒప్పుకున్నారా? రెండోది మర్చిపోవద్దు. 'రంగులు మేమే వేయించుకున్నాం, అద్దెలో తగ్గిస్తామన్నారు' లాంటివి అగ్రిమెంట్‌లో ఎక్కడా ఉండవు.

వాళ్ళు చెప్పింది రేపు మాట మారితే?

అందుకే కాగితం మీద పెట్టించాలి. ఒక పేజీ చాలు. ఎప్పటినుంచి ఉంటున్నారు, అద్దె ఎంత, ఏ తేదీ దాకా కట్టేశారు, అడ్వాన్స్ ఎంత ఇచ్చారు, ఒప్పందం ఎప్పటిదాకా ఉంది, ఇంట్లో ఎవరెవరున్నారు, ఓనర్ ఇచ్చిన మాటలేమిటి, ఇంట్లో ఉన్న సామాన్లలో ఏవి ఎవరివి. కింద అద్దెదారు సంతకం, పక్కన ఓనర్ సంతకం. అమెరికాలో అద్దె బిల్డింగులు కొనేటప్పుడు ఇలాంటి ధ్రువీకరణ తీసుకోవడం మామూలు పద్ధతి. మిగతా చోట్ల ఎందుకో చాలామంది అడగరు.

సామాన్ల సంగతి చిన్నదిగా కనిపిస్తుంది కానీ గొడవలన్నీ అక్కడే. గీజర్ ఓనర్‌దని మీరు ధర కట్టి కొంటారు, ఖాళీ చేసిన రోజు అద్దెదారు విప్పుకుపోతారు. వాళ్ళు కొనుక్కున్నదే అది.

అమ్మేవాళ్ళు అద్దె ఎక్కువ చూపించడానికి తెలిసినవాళ్ళని పెట్టారేమో?

జరుగుతుంది. అగ్రిమెంట్ రెండు మూడు నెలల కిందటిది, అద్దె చుట్టుపక్కల కన్నా బాగా ఎక్కువ, అద్దెదారు ఇంటిపేరూ ఓనర్ ఇంటిపేరూ ఒకటే, ఇంట్లో చూస్తే పరుపు, రెండు కుర్చీలు తప్ప కాపురం ఛాయలు లేవు. వీటిలో రెండు కలిసినా ఆగి ఆలోచించండి. ఆ అద్దెని పక్కనపెట్టి, పక్క ఇళ్ళలో నిజంగా వస్తున్న అద్దెతోనే ధర కట్టుకోండి. నిజమైన బంధువులే ఉండి, నామమాత్రం అద్దెకి ఉంటున్నా చిక్కే. వాళ్ళ సంగతి అమ్మేవాళ్ళే తేల్చి ఇవ్వాలి.

అడ్వాన్స్ ఎవరు తిరిగివ్వాలి?

ఖాళీ చేసిన రోజు అద్దెదారు చేయి చాపేది మీ ముందే. చాలాచోట్ల చట్టం కూడా ఆ బాధ్యత కొత్త ఓనర్ మీదే పెడుతుంది. కాబట్టి అడ్వాన్స్ మొత్తాన్ని అమ్మకం ధరలోంచి తగ్గించుకోండి, ఆ సంగతి సేల్ అగ్రిమెంట్‌లో రాయించండి. 'నేను వాళ్ళకి ఇచ్చేస్తాలెండి' అన్న మాటకి తలూపితే ఆ డబ్బు రెండోసారి మీరే కడతారు. రిజిస్ట్రేషన్ నెల మధ్యలో పడితే ఆ నెల అద్దెని కూడా రోజుల లెక్కన పంచుకోవాలి.

పాత బకాయిలుంటే అవి నాకొస్తాయా?

వాటంతటవే రావు. భారత చట్టంలో పైన చెప్పిన 109వ సెక్షనే, అమ్మకానికి ముందు బకాయి పడ్డ అద్దె కొన్నవారికి చెందదని చెప్తుంది. ఇల్లు అమ్ముడైందని తెలియక అద్దెదారు పాత ఓనర్‌కే అద్దె కట్టేస్తే మళ్ళీ మీకు కట్టక్కర్లేదని కూడా అంటుంది. అందుకే రిజిస్ట్రేషన్ అయిన రోజే, పాత ఓనర్ సంతకంతో 'ఇకపై అద్దె ఫలానావారికి' అన్న లెటర్ అందించి, అందినట్టు సంతకం తీసుకోండి.

బకాయిలున్నవాళ్ళని అలాగే ఉంచుకోవడం నేను ఒప్పుకోను. బకాయి తీర్చాక అయితే మాట్లాడొచ్చు.

'రిజిస్ట్రేషన్‌లోగా ఖాళీ చేయించి ఇస్తా' అంటున్నారు. నమ్మొచ్చా?

మాటని నమ్మకండి, తాళంచెవిని నమ్మండి. ఖాళీగా అప్పగించాలన్న షరతు సేల్ అగ్రిమెంట్‌లో ఉండాలి, ఏ తేదీకో ఉండాలి, కాకపోతే బయానా వాపసు అని ఉండాలి. రిజిస్ట్రేషన్ రోజు పొద్దున మీరే వెళ్ళి, గదులన్నీ తిరిగి, ఖాళీ అని చూసుకున్నాకే సంతకానికి కదలండి. 'రెండు రోజుల్లో వెళ్ళిపోతారు, మంచి ముహూర్తం పోతుంది' అంటే ముహూర్తం మార్చుకోండి. ఒకసారి డబ్బు చేతులు మారితే ఖాళీ చేయించాల్సిన తలనొప్పి మీది.

నేనే ఉండాలనుకుంటున్నాను. అప్పుడు?

అప్పుడు ఈ పేజీలో సగం మీకు వర్తించదు. ఖాళీగా ఉన్న ఇల్లే కొనండి, లేదా పైన చెప్పినట్టు ఖాళీ చేయించాకే తీసుకోండి. ఒప్పందం ఇంకా ఏడాది మిగిలుంటే ఆ ఏడాది మీరు బయట అద్దెకుండాలి, దాన్ని కూడా ధరలో కలిపి చూసుకోండి. లోన్ తీసుకుంటుంటే బ్యాంకుకి నిజం చెప్పండి. సొంతానికని ఇచ్చే లోన్, అద్దెకిచ్చే ఇంటి లోన్ చాలా దేశాల్లో వేర్వేరు.

డబ్బిచ్చి ఖాళీ చేయించడం తప్పా?

తప్పేం లేదు. రెండువైపులా ఇష్టపడి చేసుకునే ఒప్పందం అది. కోర్టుకెళ్తే అయ్యే ఖర్చు, పోయే కాలం లెక్కేసుకుంటే చాలాసార్లు ఇదే చవక. అహం అడ్డొస్తుంది, 'నా ఇంట్లోంచి పొమ్మనడానికి నేను డబ్బివ్వాలా' అనిపిస్తుంది. ఆ కోపానికి అయ్యే ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి. ఎంత, ఏ తేదీకి, ఏ స్థితిలో ఇల్లు అప్పగించాలో రాసుకుని, సామాన్లు వెళ్ళి, ఇల్లు చూసుకుని, తాళంచెవి తీసుకుంటూ డబ్బివ్వాలి. ముందుగా ఇవ్వాల్సి వస్తే లారీ ఖర్చు మేరకే.

కరెంటో నీళ్ళో ఆపేస్తే వాళ్ళే పోతారంటున్నారు...

వద్దు. దాదాపు ఎక్కడైనా చట్టవిరుద్ధం. తాళాలు మార్చడం, సామాను బయట పెట్టడం కూడా అంతే. గెలవాల్సిన కేసు కూడా దీనివల్ల ఓడిపోతారు.

నాలుగైదు పోర్షన్ల బిల్డింగ్. అందరికీ ఒకటే నిర్ణయమా?

ఒక్కొక్కరిదీ విడిగా చూడండి. మొత్తం ఖాళీ చేయించి, బాగుచేయించి, ఎక్కువ అద్దెకివ్వాలన్న ఆలోచన చాలామందిని ఊరిస్తుంది. ఈఎంఐ మాత్రం మొదటి నెల నుంచే మొదలవుతుంది. ఐదు పోర్షన్లలో ఇద్దరు సమస్య అయితే, మొదట ఎక్కువ సమస్య ఉన్నవాళ్ళని పంపి, అది బాగుచేయించి, కొత్తవాళ్ళు చేరాక రెండోది. ఒకేసారి ఒకటి కంటే ఎక్కువ ఖాళీ పెట్టకండి. ఎప్పటినుంచో ఉన్నవాళ్ళలో ఒకరు మోటారు వేసి, గేటు చూసుకుంటూ ఉండే అవకాశముంది. వాళ్ళని పంపితే ఆ పనికి మనిషిని పెట్టుకోవాల్సి వస్తుంది.

షాపులుంటే?

షాపువాళ్ళు ఇళ్ళల్లో అద్దెకున్నవాళ్ళకన్నా స్థిరంగా ఉంటారు, ఆ చోటుకి అలవాటైన గిరాకీని వదులుకోలేరు. కానీ వాళ్ళ ఒప్పందాలు పొడుగ్గా ఉంటాయి. గడువు పొడిగించుకునే హక్కు, అద్దె పెంపు శాతం, లోపల చేయించుకున్న పని ఎవరిది అన్న మూడు క్లాజులూ లాయర్‌తో చదివించండి.

ఉంచుకోవాలని నిర్ణయించుకున్నాను. మొదటి నెలలో ఏం చేయాలి?

ఒకసారి వెళ్ళి పరిచయం చేసుకుని, గదులన్నీ ఫోటోలు తీయండి. వాళ్ళు చేరినప్పుడు ఇల్లు ఎలా ఉండేదో మీ దగ్గర రుజువు లేదు. కనీసం మీ చేతికొచ్చినప్పుడు ఎలా ఉందో ఉండాలి. ఫోటోలు వాళ్ళకి కూడా పంపండి.

తర్వాత ఆ సింకు పైపు బాగుచేయించండి. అద్దె పెంచే మాట ఎత్తకముందే. కొత్త ఓనర్ ఎలాంటివాడో వాళ్ళు అంచనా వేసుకునేది మొదటి రిపేరుతోనే, ఆ తర్వాత మీరడిగే ప్రతిదానికీ జవాబు దాన్నిబట్టే ఉంటుంది.

అగ్రిమెంట్ గడువు మిగిలుంటే అదే నడవనివ్వండి. గడువు దగ్గరపడితే మీ పేరు మీద కొత్తది రాసుకోవాలి, అద్దె మార్పు అప్పుడే.

బ్యాచిలర్లు, ఫలానా మతంవాళ్ళు అని పంపేయొచ్చా?

కారణం అదే అయితే వద్దు. అమెరికాలో మతం, జాతి చూసి అద్దె నిరాకరించడాన్ని 1968 నాటి ఫెడరల్ చట్టం నిషేధించింది. ఇంకా చాలా దేశాల్లోనూ అలాంటి చట్టాలున్నాయి. చట్టం సంగతి అలా ఉంచినా, ఆ తేదీల కాగితం మీద మతం ఎక్కడా కనిపించదు, డబ్బు పడిన రోజే కనిపిస్తుంది.

అద్దెకున్నవాళ్ళకే ముందు కొనే హక్కు ఉంటుందా?

కొన్నిచోట్ల ఉంటుంది. వాషింగ్టన్ డీసీలో 1980 నాటి చట్టం, బిల్డింగ్ అమ్మేముందు అద్దెకున్నవాళ్ళకి కొనే అవకాశం ఇవ్వమంటుంది. విడి ఇళ్ళకి 2018లో చాలావరకు మినహాయింపు వచ్చింది. జర్మనీలో ఫ్లాట్లుగా మార్చి అమ్మే సందర్భాల్లో అలాంటి హక్కు ఉంది. చట్టం ఇవ్వకపోయినా అగ్రిమెంట్‌లో పాత ఓనర్ రాసిచ్చి ఉండొచ్చు. అలాంటి క్లాజు కనిపిస్తే, తమకి కొనే ఉద్దేశం లేదని అద్దెదారు రాసిచ్చిన కాగితం చేతికి వచ్చాకే బయానా ఇవ్వండి.